పాత జర్మన్ నిలువు బ్యాండ్‌సా పునరుద్ధరణ: గేరుపెట్టెను, బ్లేడు వెల్డరును తీసివేయవచ్చా?

ఆకురాయి అడుగుతున్నారు:

మిత్రులకు నమస్కారం. లోహాన్ని కోసే పాత జర్మన్ నిలువు బ్యాండ్‌సా (రెండు చక్రాల మీద చుట్టులా తిరిగే పట్టీ రంపం) ఒకటి ఈ మధ్యనే నా చేతికి వచ్చింది. దాని ఫలకం మీద 1958 అని ఉంది. పోత ఇనుముతో చేసిన శరీరం, 400 మిల్లీమీటర్ల వ్యాసం గల రెండు చక్రాలు, వాలుగా తిప్పుకోగలిగిన బల్ల, పక్కనే అమర్చిన బ్లేడు వెల్డరు (బ్లేడు రెండు కొనలను అతికించే పరికరం), దాని కింద చిన్న సానచక్రం ఉన్నాయి. చాలా ఏళ్లు కదలకుండా ఒక మూల పడి ఉండడం వల్ల బల్ల మీద తుప్పు పట్టిందే గాని, ఎక్కడా పగులు లేదు, విరిగిన భాగమూ లేదు. దీన్ని మళ్లీ పనిలోకి తీసుకురావాలన్న కోరిక నాకు ఎంత బలంగా ఉందో, తొందరపడి దేన్నైనా పాడుచేస్తానేమోనన్న భయమూ అంతే ఉంది.

ఇప్పటివరకు గమనించినవి చెబుతాను. మోటారు 1.5 కిలోవాట్లది, దాని ఫలకం మీద 220/380 వోల్టులు, నిమిషానికి 1400 చుట్లు అని రాసి ఉంది. వేగాన్ని మార్చే వెడల్పాటి బెల్టు ద్వారా చలనం రెండు మెట్ల గేరుపెట్టెకు, అక్కడి నుంచి కింది చక్రానికి చేరుతుంది. తలుపు మీది పట్టిక ప్రకారం బ్లేడు నిమిషానికి 20 మీటర్ల నుంచి 1000 మీటర్ల దాకా నడవాలి. కానీ గేరు మీట కదలడం లేదు, లోపలి నూనె తేనెపాకంలా చిక్కబడిపోయింది. చక్రాల మీది రబ్బరు గట్టిపడి, దానిలో ఇనుప రజను గుచ్చుకుని ఉంది. తీగలు విప్పి చూసినప్పుడు మోటారు పెట్టెలోంచి వచ్చిన ఎర్ర తీగ ఒకటి నేరుగా యంత్రపు శరీరానికి బిగించి కనిపించింది. ఎవరో ఫేజును పొరపాటున శరీరానికి కలిపారని అనుకుని దాన్ని విప్పి పక్కన పెట్టాను.

నాకు అందుబాటులో ఉన్నది ఒకే ఫేజు, 230 వోల్టుల సరఫరా. అందువల్ల గేరుపెట్టెను, వేగం మార్చే బెల్టును పూర్తిగా తీసివేసి, మోటారును ఒకే పుల్లీ జత ద్వారా కింది చక్రానికి కలిపి, వీఎఫ్‌డీ (మోటారుకు వెళ్లే విద్యుత్తు హెర్ట్‌జ్‌ను మార్చి దాని వేగాన్ని మార్చే పరికరం) సాయంతో వేగాన్ని నడుపుకోవాలని ఆలోచిస్తున్నాను. బ్లేడ్లు కావలసిన పొడవులో అతికించినవే దొరుకుతాయి కాబట్టి వెల్డరును కూడా తీసివేస్తే చోటు కలిసివస్తుందని అనిపిస్తోంది. ఆ తర్వాత మొత్తం గీకి రంగు వేస్తాను. ఈ పథకంలో తప్పు ఉంటే ఇప్పుడే చెప్పండి. అలాగే గేరుపెట్టెలో ఏ నూనె పోయాలో, చక్రాల రబ్బరును ఏం చేయాలో కూడా తెలుపగలరు. నూనె ఫలకం మీద 12 పక్కన డిగ్రీ గుర్తు, ఆ తర్వాత ఒక జర్మన్ అక్షరం, చివర 50 అనే అంకె ఉన్నాయి.


నిలువురంపం సమాధానం:

ఆకురాయి గారికి నమస్కారం. గేరుపెట్టెను దయచేసి తీయకండి. మీ పథకంలో మిగతా విషయాలు ఎలా ఉన్నా, ఆ ఒక్క పని చేస్తే ఈ యంత్రం ఉక్కును కోయడం మానేస్తుంది. ఎందుకో లెక్కతో సహా చెబుతాను.

మీ చక్రం చుట్టుకొలత సుమారు 1.26 మీటర్లు. బ్లేడు నిమిషానికి 1000 మీటర్లు నడవాలంటే చక్రం సుమారు 800 చుట్లు తిరగాలి. 20 మీటర్లు నడవాలంటే 16 చుట్లు చాలు. పుల్లీలను 50 హెర్ట్‌జ్ దగ్గర 1000 మీటర్లు వచ్చేలా అమర్చారనుకుందాం. అప్పుడు 20 మీటర్ల వేగానికి మోటారును 1 హెర్ట్‌జ్ దగ్గర నడపవలసి వస్తుంది. వీఎఫ్‌డీ మోటారు వేగాన్ని తగ్గించగలదు గాని తిప్పుడు బలాన్ని పెంచలేదు. 1.5 కిలోవాట్ల మోటారు నిమిషానికి 1000 మీటర్ల వేగంలో బ్లేడు మీద చూపగల లాగుడు బలం 90 న్యూటన్లు, అంటే సుమారు 9 కిలోల బరువుకు సమానం. గేర్లు లేనప్పుడు వేగం ఎంత తగ్గించినా ఆ 9 కిలోలే మిగులుతాయి. అదే మోటారు గేరుపెట్టె ద్వారా నిమిషానికి 60 మీటర్ల వేగంలో నడిస్తే, ఘర్షణ నష్టాలు పక్కన పెట్టి చూస్తే, 1500 న్యూటన్లు అందుతాయి. మందమైన ఉక్కు దిమ్మ మీద పది పళ్లు ఒకేసారి దిగినప్పుడు కావలసింది ఈ రెండో బలం. పైగా మోటారు వెనకాల ఉన్న పంఖా మోటారుతో పాటే తిరుగుతుంది కాబట్టి, అంత తక్కువ వేగంలో దానికి చల్లదనం కూడా అందదు.

వేగం ఎందుకంత తగ్గాలో కూడా చెప్పాలి. ద్విలోహ బ్లేడుతో (వంగే ఉక్కు వీపుకు గట్టి ఉక్కు పళ్లు అతికించినది) మామూలు నిర్మాణపు ఉక్కును నిమిషానికి 60 నుంచి 90 మీటర్ల మధ్య కోస్తాము. పనిముట్ల ఉక్కుకు 30 నుంచి 50, స్టెయిన్‌లెస్‌కు 25 నుంచి 40 మీటర్లు సరిపోతాయి. అల్యూమినియానికి మాత్రం వందల మీటర్లు కావాలి. ఇన్ని రకాల లోహాలను ఒకే యంత్రం మీద కోయాలన్న ఉద్దేశంతోనే ష్వేబిష్ గ్మ్యుండ్‌లోని మోస్నర్ వంటి జర్మన్ సంస్థలు నిలువు రంపాలకు అంత విస్తృతమైన వేగాల శ్రేణిని ఇచ్చాయి. చెక్కను కోసే బ్యాండ్‌సాకు, దీనికి అసలైన తేడా ఆ శ్రేణిలోనే ఉంది.

వీఎఫ్‌డీ మీకు ఎలాగూ అవసరమే, ఎందుకంటే ఒకే ఫేజు నుంచి మూడు ఫేజులు తయారుచేసుకోవాలి. దాన్ని 25 నుంచి 60 హెర్ట్‌జ్ మధ్యనే వాడుకుంటూ, అసలు వేగం మార్పును గేర్లకు, బెల్టుకు వదిలిపెట్టండి.

మీట కదలకపోవడం గేర్లు పాడైనందువల్ల కాకపోవచ్చు. పాత నూనె గట్టిపడితే జారే గేరు ఇరుసుకు అతుక్కుపోతుంది. మీటను గొట్టం తగిలించి బలవంతంగా లాగితే లోపల గేరును జరిపే ఫోర్కు విరుగుతుంది. ఆ ఫోర్కు ఎక్కడా దొరకదు. పెట్టెను వేడిగాలితో కాస్త వెచ్చబెట్టి నూనెను దించండి, తర్వాత కిరోసిన్‌లో కొద్దిగా పలుచని నూనె కలిపి పోసి ఒక రోజు ఉంచండి, ఆ పైన కింది చక్రాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ మీటను నెమ్మదిగా కదపండి. ఒకటి గుర్తుంచుకోండి: గేరు మీటను యంత్రం పూర్తిగా ఆగినప్పుడే మార్చాలి, బెల్టు వేగాన్ని మాత్రం యంత్రం తిరుగుతున్నప్పుడే మార్చాలి. ఆగి ఉన్న బెల్టు మీద చేతిచక్రాన్ని తిప్పితే పుల్లీ రెండు సగాలు బెల్టును నలిపేస్తాయి. చాలా జర్మన్ యంత్రాల మీద "నూర్ ఇమ్ ష్టిల్‌ష్టాండ్ షాల్టెన్" అనే చిన్న ఫలకం ఉంటుంది; ఆగి ఉన్నప్పుడే మార్చండి అని దాని అర్థం. అది గేరు మీటకు వర్తించేదే గాని బెల్టుకు కాదు.

నూనె ఫలకం మీద ఉన్న అక్షరం ఎంగ్లర్ డిగ్రీని సూచిస్తుంది. 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర 12 ఎంగ్లర్ డిగ్రీల చిక్కదనం అంటే సుమారు 90 సెంటీస్టోక్స్. నేటి లెక్కలో ఐఎస్‌ఓ వీజీ 150 నూనె దానికి సరిపోతుంది. లోపల కంచు గేరు ఉంటే, రాగి లోహాలను తినే చురుకైన గంధకం కలిసిన నూనె మాత్రం వాడవద్దు.


మూడుఫేజులు సమాధానం:

అన్నిటికంటే ముందు ఆ ఎర్ర తీగ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. ఆకురాయి గారూ, మీరు విప్పి పక్కన పెట్టింది ఫేజు తీగ కాదు, ఎర్తు తీగ. జర్మనీలో 1965కు ముందు అమర్చిన తీగల్లో రక్షణ తీగకు ఎరుపు, న్యూట్రల్‌కు బూడిద రంగు వాడేవారు. పసుపు, ఆకుపచ్చ చారల తీగ ఆ తర్వాత వచ్చింది. మీ యంత్రం 1958 నాటిది కాబట్టి పాత పద్ధతిలోనే ఉంటుంది. ఈ సంగతి తెలియక పాత యంత్రంలోని ఎర్ర తీగను ఫేజుకు కలిపితే శరీరం మొత్తానికి విద్యుత్తు పాకుతుంది. ఎర్తు లేకుండా యంత్రానికి సరఫరా ఇవ్వకండి. నా సలహా ఏమిటంటే, పాత తీగలలో ఒక్కటి కూడా మిగల్చకుండా మొత్తం కొత్తగా వేయండి. ఆ కాలపు రబ్బరు తొడుగు పైకి బాగానే కనిపించినా వంచితే పొడిపొడిగా రాలిపోతుంది.

మోటారు విషయంలో మీరు అదృష్టవంతులు. 220/380 అని ఉండడమంటే ఆ మోటారు డెల్టాలో 220, స్టార్‌లో 380 వోల్టులకు పనిచేస్తుంది; మోటారు చుట్టలను కలిపే రెండు పద్ధతుల పేర్లు ఇవి. ఒకే ఫేజు మీద నడిచే వీఎఫ్‌డీ మూడు ఫేజుల 230 వోల్టులు ఇస్తుంది కాబట్టి, మోటారు పెట్టెలోని రాగి పలకలను స్టార్ నుంచి డెల్టాకు మార్చి కలపాలి. ఫలకం మీద 380/660 అని ఉన్నా, లేదా రెండు వేగాల డాలాండర్ మోటారు 380 వోల్టులకే చుట్టి ఉన్నా ఈ దారి మూసుకుపోయేది. కలిపే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో చుట్టలకు, శరీరానికి మధ్య నిరోధాన్ని కొలవండి. ఆ సమయంలో వీఎఫ్‌డీ మోటారుకు కలిపి ఉండకూడదు. కనీసం 1 మెగోమ్ రాకపోతే మోటారును వెచ్చని చోట కొన్ని రోజులు ఆరబెట్టి మళ్లీ కొలవండి. పాత చుట్టల ఇన్సులేషన్ వీఎఫ్‌డీ నుంచి వచ్చే పదునైన వోల్టేజీ తరంగాలను ఊహించి చేసినది కాదు. అందుకని వీఎఫ్‌డీకి, మోటారుకు మధ్య తీగను వీలైనంత పొట్టిగా ఉంచి, ఒక చోక్ (ఆ తరంగాల పదును తగ్గించే తీగచుట్ట) కూడా కలపడం మంచిది.

ఇక చాలామంది పొరబడే చోటుకు వస్తున్నాను. వీఎఫ్‌డీ నుంచి వచ్చే తీగలు మోటారుకు మాత్రమే వెళ్లాలి. యంత్రంలో ఉన్న పాత స్విచ్చు వెనుక నుంచే దీపపు ట్రాన్స్‌ఫార్మరుకు, వెల్డరుకు, సానచక్రపు మోటారుకు కూడా సరఫరా వెళుతుంటుంది. వీఎఫ్‌డీ తీగలను ఆ పాత స్విచ్చు ముందు కలిపితే, వెల్డరు మీట నొక్కిన మొదటి క్షణంలోనే వీఎఫ్‌డీ దెబ్బతింటుంది. వీఎఫ్‌డీకి, మోటారుకు మధ్య స్విచ్చు కూడా ఉంచకండి. నడపడం, ఆపడం వీఎఫ్‌డీ నియంత్రణ తీగల ద్వారానే జరగాలి.

వెల్డరును తీసివేయాలన్న మీ ఆలోచనను కూడా వదులుకోమని కోరుతున్నాను. అది చోటు ఆక్రమించిన అదనపు సరుకు కాదు. దిమ్మ మధ్యలో రంధ్రం వేసి, తెంచిన బ్లేడును దానిలోంచి దూర్చి, అక్కడే అతికించి, బయటి అంచును కోయకుండా లోపలి ఆకారాన్ని కోయడానికే ఈ రంపాలకు వెల్డరును జతచేశారు. వెల్డరు లేకపోతే ఈ యంత్రం బయటి నుంచి మాత్రమే కోయగలుగుతుంది. లిప్‌స్టాట్‌లోని ఇడియల్ సంస్థ ఇలాంటి బ్లేడు వెల్డర్లకు పేరుపొందింది; మీ వెల్డరు మీద ఆ పేరు ఉందేమో చూడండి. వెల్డరులో ఉండేది ఒక ట్రాన్స్‌ఫార్మరు, రాగి దవడలు, ఒక స్ప్రింగు, దవడలు దగ్గరకు జరగగానే విద్యుత్తును ఆపే ఒక స్విచ్చు మాత్రమే. సాధారణంగా దాన్ని రెండు ఫేజుల మధ్య 380 వోల్టులకు కలుపుతారు. కొన్నిటిలో 220 వోల్టుల కొన కూడా ఉంటుంది, ముందు దాన్ని వెతకండి. లేకపోతే 230ని 400గా పెంచే ట్రాన్స్‌ఫార్మరును, వెల్డరు ఫలకం మీద రాసిన సామర్థ్యానికి తగినదాన్ని, విడిగా పెట్టుకోండి. వెల్డరు పనిచేసేది ఒకసారికి క్షణకాలమే కాబట్టి దానికి వేడెక్కే సమయం ఉండదు.

చివరగా, పాత యంత్రాలలో మీట స్విచ్చు పెట్టిన స్థానంలోనే ఉండిపోతుంది. సరఫరా పోయి తిరిగి వచ్చినప్పుడు బ్లేడు దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది. అది జరగకుండా వీఎఫ్‌డీలో అమర్చుకోండి. చక్రాల తలుపులు రెండింటికీ, తెరవగానే ఆపే స్విచ్చులు బిగించండి. చేతికి అందే చోట అత్యవసర బొత్తాం పెట్టండి.


ఆకురాయి మళ్లీ రాస్తున్నారు:

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఎర్ర తీగ మాట చదవగానే యంత్రానికి ప్రధాన సరఫరా తొలగించాను. గేరుపెట్టె అలాగే ఉంటుంది, వెల్డరూ ఉంటుంది. పెట్టెలోంచి నూనె దించి కిరోసిన్ పోశాను. మూడో రోజుకు మీట రెండు స్థానాల్లోనూ కూర్చుంది. గేర్ల పళ్ల మీద అరుగుదల దాదాపు లేదు. ఇప్పుడు చక్రాల దగ్గర ఆగిపోయాను. రబ్బరును ఒకచోట గోరుతో గిల్లితే పెచ్చులా ఊడింది. పాత బ్లేడు ఎక్కించి చేత్తో తిప్పితే అది ముందుకు జరిగి జారిపోతోంది. దేని నుంచి మొదలుపెట్టాలి?


సానరాయి సమాధానం:

బ్లేడు జారిపోవడానికి కారణాలు నాలుగైదు ఉంటాయి, అవన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. అందుకే ఇరుసు నుంచి బయటికి వరుసగా రావాలి. రబ్బరుతో మొదలుపెట్టినవారు తర్వాత బేరింగులు మార్చి, రబ్బరును మళ్లీ సరిచేసుకోవలసి వస్తుంది.

పై చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని మీవైపుకు, అవతలివైపుకు ఊపి చూడండి. ఏ మాత్రం కదలిక తెలిసినా బేరింగులు మార్చండి. అవి కొలతలు ప్రమాణీకరించిన సాధారణ బంతి బేరింగులే అయి ఉంటాయి. పక్కన చెక్కిన అంకెలోని చివరి రెండు స్థానాలు 04 లేదా అంతకంటే ఎక్కువైతే, వాటిని 5తో హెచ్చవేస్తే లోపలి రంధ్రపు వ్యాసం వస్తుంది. 6205 అంటే 25 మిల్లీమీటర్లు. పాత అంకెతోనే నేటికీ కొత్త బేరింగు దొరకడం ఈ యంత్రాలలోని గొప్ప సౌలభ్యం. కొత్తవి రెండు వైపులా రబ్బరు మూతలున్నవి తీసుకుంటే రజను లోపలికి వెళ్లదు.

తర్వాత చక్రం అంచు. రబ్బరు మొత్తం తీసేసి, లోహపు అంచు మీద డయల్ గేజు పెట్టి చక్రాన్ని తిప్పండి. లోహం గుండ్రంగా ఉందని నిర్ధారించుకున్న తర్వాతే కొత్త రబ్బరు ఆలోచన చేయాలి. దీనికి సహజ రబ్బరు పనికిరాదు, ఎందుకంటే కోత నూనె తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. నైట్రైల్ రబ్బరు నూనెకు తట్టుకుంటుంది. రోలర్లకు రబ్బరు తొడిగే పని చేసేవారి చేత చక్రం మీదే వల్కనైజ్ (వేడితో అంటించి గట్టిపరచడం) చేయించి, చక్రాన్ని దాని సొంత రంధ్రం ఆధారంగా తిప్పుతూ సాన పట్టించడం అన్నిటికంటే నమ్మదగిన దారి. ఇంట్లో అతికించుకునే పట్టీలు కూడా పనిచేస్తాయి గాని, అతుకు దగ్గర చిన్న ఎత్తు మిగిలినా చక్రం తిరిగిన ప్రతిసారీ బ్లేడు ఒక దెబ్బ తింటుంది, ఆ దెబ్బ కోత ముఖం మీద గీతలుగా కనిపిస్తుంది. నేను మొదటి యంత్రానికి అతికించే పట్టీ వాడి, మూడు నెలలకే తీసేశాను.

రబ్బరు ముఖం పూర్తిగా చదునుగా ఉండకూడదు. నడుమ అర మిల్లీమీటరు లోపు ఎత్తు ఉండేలా, రెండు అంచుల వైపు కొద్దిగా వాలుగా ఉండాలి. సన్నని బ్లేడు ఎప్పుడూ ఎత్తైన చోటుకే పాకుతుంది కాబట్టి అది నడుమన నిలుస్తుంది, పళ్ల వంపు (పళ్లు కుడికి, ఎడమకు ఒంగి ఉండడం) కూడా రబ్బరులో నలగదు. మీ బ్లేడు జారిపోవడానికి ప్రధాన కారణం ఆ ఎత్తు అరిగిపోవడమేనని నా నమ్మకం. పై చక్రాన్ని వాల్చే మరను, అంటే వంపు మరను, తిప్పి సరిచేసే ప్రయత్నం ఇప్పుడు చేయకండి. రబ్బరు చెడిపోయి ఉండగా ఆ మరతో సర్దుబాటు చేస్తే బ్లేడు నిలిచినట్టే కనిపిస్తుంది గాని, బిగువు మారిన వెంటనే మళ్లీ జారుతుంది.

ఇక బిగువు. సూచిక ముల్లు ఉన్నా దాన్ని నమ్మకండి, లోపలి స్ప్రింగు అరవై ఏళ్లుగా నొక్కుకుని ఉంది. బ్లేడును వదులు పోయేంత వరకే బిగించి, దాని మీద 500 మిల్లీమీటర్ల దూరంలో రెండు చిన్న బిగింపులు పెట్టి, వాటి మధ్య దూరాన్ని కొలవండి. తర్వాత చేతిచక్రం తిప్పుతూ పోతే ఆ దూరం పెరుగుతుంది. ఉక్కు సాగుడు గుణకం చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,10,000 న్యూటన్లు కాబట్టి, 500 మిల్లీమీటర్లకు 0.48 మిల్లీమీటర్ల సాగుడు అంటే చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల బిగువు. ద్విలోహ బ్లేడుకు అది తగిన బిగువు. ఆ స్థానంలో సూచిక పక్కన మీ సొంత గీత ఒకటి గీసుకోండి. పని ముగిసిన ప్రతిసారీ బిగువు వదలండి, లేకపోతే కొత్త రబ్బరులో గుంట పడుతుంది.

బ్లేడు మందం గురించి కూడా ఒక మాట. 400 మిల్లీమీటర్ల చక్రం చుట్టూ వంగినప్పుడు 0.65 మిల్లీమీటర్ల మందమున్న బ్లేడులో వంపు వల్లనే చదరపు మిల్లీమీటరుకు 340 న్యూటన్ల ప్రతిబలం పుడుతుంది. 0.9 మందానికి అది 470 దాటుతుంది. దీనికి బిగువు కూడా కలుస్తుంది, ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వంగి తిన్నబడుతుంది. అందుకే మందమైన బ్లేడ్లు ఈ పరిమాణపు చక్రాల మీద అరగకముందే పగులుతాయి. తిన్నని కోతలకు 13 వెడల్పు, 0.65 మందం గల ద్విలోహ బ్లేడును వాడండి. అది సుమారు 64 మిల్లీమీటర్ల వ్యాసార్థం దాకా వంపు తిరుగుతుంది. అంతకంటే బిగుతైన వంపులకు 10 వెడల్పు 37 దాకా, 6 వెడల్పు 16 దాకా వస్తాయి. అయితే తక్కువ వెడల్పు గల ద్విలోహ బ్లేడ్లు తరచు 0.9 మందంతోనే వస్తాయి. వాటికి బదులు 0.65 మందం గల కార్బన్ ఉక్కు బ్లేడు తీసుకుని, దాని పళ్లు వేడికి త్వరగా మెత్తబడతాయి కాబట్టి వేగాన్ని బాగా తగ్గించండి. ఏ బ్లేడు అయినా కోతలో కనీసం మూడు పళ్లు ఉండాలి. 3 మిల్లీమీటర్ల రేకుకు 25 మిల్లీమీటర్ల పొడవులో 24 పళ్లకు తక్కువ ఉంటే పళ్లు తెగుతాయి.

బ్లేడుకు దారి చూపే దిమ్మలను చివర సర్దండి. పక్క దిమ్మలు బ్లేడుకు తగలీ తగలనట్టు, 0.03 మిల్లీమీటర్ల సందుతో ఉండాలి. పళ్ల మొదళ్లు దిమ్మల ముందుకు ఉండాలి, లేకపోతే మొదటి నిమిషంలోనే పళ్ల వంపు చదునైపోతుంది. బ్లేడు వీపు వెనుక ఉండే చిన్న ఆనుడు చక్రం, బ్లేడు ఖాళీగా తిరిగేటప్పుడు దానికి తగలకూడదు, కోతలో ఒత్తిడి పడినప్పుడే ఆనుకోవాలి. కింది చక్రం మీద గట్టి పోగుల బ్రష్షు ఒకటి ఉంటుంది, అది అరిగిపోతే వెంటనే మార్చండి. మీ రబ్బరులో రజను గుచ్చుకోవడానికి అదే మూలం.


నిలువురంపం మళ్లీ:

సానరాయి గారు చెప్పిన క్రమమే సరైనది. వెల్డరు వాడడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి కాస్త కలుపుతాను. బ్లేడు రెండు కొనలను, ఒకదాని పళ్లు ఇటు, రెండోదాని పళ్లు అటు ఉండేలా పక్కపక్కన పెట్టి కలిపి సాన పట్టండి. సాన కాస్త వాలుగా పడినా, రెండు కొనలూ అదే కోణంలో ఉంటాయి కాబట్టి కలిపినప్పుడు ఆ వాలు రద్దయిపోతుంది. రాగి దవడలను ముందుగా శుభ్రం చేయండి. తుప్పు గానీ నూనె గానీ ఉంటే విద్యుత్తు దవడ దగ్గరే మంట పెడుతుంది, అతుకు దగ్గర కాదు.

అతికించిన వెంటనే ఆ చోటు గాజులా పెళుసుగా ఉంటుంది. వంచి చూడకండి, చేతిలోనే విరుగుతుంది. దవడలను కాస్త దూరంగా జరిపి బ్లేడును మళ్లీ బిగించి, రెండో బొత్తాన్ని కొద్దికొద్దిగా నొక్కుతూ అతుకును మసక ఎరుపు దాకా వేడిచేయాలి. ఆ ఎరుపు వెలుతురులో కనిపించదు, కాబట్టి దీపం ఆర్పి చూడండి. తర్వాత ఒక్కసారిగా వదలకుండా, నొక్కులను అంతకంతకు పొట్టిగా చేస్తూ చల్లారనివ్వాలి. ఉబ్బిన లోహాన్ని సానతో రెండు వైపులా సమంగా తీసి, పక్కన ఉన్న మందపు గాడిలోంచి దూరేలా చూసుకుని, మళ్లీ ఒకసారి అదే విధంగా వేడిచేయండి. అతుకు పక్కనే బ్లేడు తెగితే వేడి చాలలేదని, అతుకు దగ్గర వంకర తిరిగి నిలిచిపోతే వేడి ఎక్కువైందని అర్థం. మొదటి నాలుగైదు అతుకులు పాత బ్లేడు ముక్కల మీద వేసి నేర్చుకోండి.

రంగు విషయం చివరిదే. ఆ కాలపు జర్మన్ యంత్రాల ఆకుపచ్చను రాల్ 6011 అనే సంఖ్యతో, రెసెడా ఆకుపచ్చ అనే పేరుతో గుర్తిస్తారు. 1927లో 40 రంగులతో మొదలైన రాల్ పట్టిక నేటికీ వాడుకలో ఉంది కాబట్టి ఆ సంఖ్య చెబితే రంగు కలిపి ఇస్తారు. అయితే పాత రంగు కింద ఎర్ర సీసపు పూత ఉండే అవకాశం చాలా ఎక్కువ. పొడిగా గీకవద్దు, వేడిగాలితో కాల్చవద్దు. తడిపి గీకండి, తగిన మాస్కు తొడుక్కోండి, గీకిన మురికిని విడిగా మూటకట్టండి. శరీరం మీద పూత గట్టిగా ఉన్నచోట తీయకుండా కడిగి వదిలేయడమే నా పద్ధతి. వేగాల పట్టికను, నూనె ఫలకాన్ని ఏ రసాయనంతోనూ తుడవకండి, అక్షరాలు పోతాయి.


ఆకురాయి తిరిగి రాస్తున్నారు:

రెండు నెలల తర్వాత రాస్తున్నందుకు మన్నించండి. పై చక్రపు బేరింగులు రెండూ మార్చాను. చక్రాలకు నైట్రైల్ రబ్బరు వేయించి, నడుమన ఎత్తు వచ్చేలా సాన పట్టించాను. బ్లేడు మొదటిసారి చేత్తో తిప్పినప్పుడే నడుమన నిలిచింది. వంపు మరను పావు చుట్టు మాత్రమే తిప్పవలసి వచ్చింది. బిగువును సానరాయి గారు చెప్పిన పద్ధతిలో కొలిస్తే, పాత సూచికలో ఎర్ర గీత ఉన్నచోట సాగుడు 0.29 మిల్లీమీటర్లే వచ్చింది, అంటే చదరపు మిల్లీమీటరుకు 120 న్యూటన్లు. ఆ గీతను నమ్మి ఉంటే కోత పక్కకు వాలుతుంటే నేను దిమ్మలను నిందించి ఉండేవాణ్ని.

తీగలన్నీ కొత్తవి వేశాను. మెగ్గర్ మొదట 0.6 చూపింది, వారం రోజులు వెచ్చగా ఉంచిన తర్వాత 8 మెగోమ్‌లు దాటింది. వెల్డరులో 220 కొన దొరికింది. దాన్ని వీఎఫ్‌డీతో సంబంధం లేకుండా విడి తీగతో కలిపాను. ముక్కల మీద వేసిన మొదటి ఆరు అతుకులలో నాలుగు విరిగాయి, నాలుగూ అతుకు పక్కనే. దీపం ఆర్పి వేడిచేయడం మొదలుపెట్టిన తర్వాత ఒక్కటీ విరగలేదు.

నిన్న 30 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కు పలక నడుమ రంధ్రం వేసి, బ్లేడును దూర్చి అతికించి, వేగాన్ని నిమిషానికి 60 మీటర్ల దగ్గర ఉంచి లోపల ఒక చతురస్రం కోశాను. మూలల్లో 10 వెడల్పు బ్లేడు తిరగడానికి చాలినంత పెద్ద రంధ్రాలు ముందే వేసుకున్నాను. కోత ముఖం మీద ఆకురాయి నాలుగుసార్లు ఆడిస్తే సరిపోయింది. రంగు ఇంకా వేయలేదు.